గివ్ మీ వాటర్ అండీ

చాలా ఏళ్ళ కిందటి మాట. నరసాపురం నుంచి నిడదవోలు వెళ్ళే ప్యాసింజర్‌లో నా ఎదుటి సీటు ఆవిడ ఒళ్ళో అట్ట పెట్టుకుని ఇంగ్లీషు రాస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. పేరు సువార్తమ్మ అని చెప్పింది.

"వచ్చేవారం కువైట్ వెళ్తున్నానండి, వంటపనికి. ఆ ఇంటావిడకి ఇంగ్లీషు వచ్చంటండి. మా చర్చిలో టీచరుగారు 'గివ్' అనే మాట నేర్పి, దాంతో వాక్యాలు రాయమన్నారు. తప్పులుంటే కాస్త చెప్పండి."

చూశాను. ఐ గివ్ టీ. ఐ గివ్ మిల్క్ టు బేబీ. తప్పుల్లేవు. కానీ అన్నిట్లోనూ ఇచ్చేది ఆవిడే.

మాది వరంగల్ పక్కన పల్లె. మా వైపు అండి అనడం తక్కువ. "మంచిగ రాసినవమ్మా. మరి నువ్వు అడిగేది ఒక్కటి గూడ లేదేంది?" అన్నాను.

ఆవిడ కింద ఇంకో వాక్యం రాసింది: గివ్ మీ వాటర్ అండీ.

నాకు నవ్వొచ్చింది. "ఇంగ్లీషుల అండీ ఉండదమ్మా. ప్లీజ్ అని రాయాలె."

"ప్లీజ్ అంటే ఏంటండీ?"

"దయచేసి అని."

ఆవిడ పెన్ను కదల్లేదు. "మంచినీళ్ళకి దయ ఎందుకండీ? మర్యాదగా అడిగితే ఇవ్వరా?"

కువైట్‌లో ఆ ఇల్లు ఎలాంటిదో నాకేం తెలుసు? ఆవిడ రాసిన వాక్యం మళ్ళీ ఒకసారి చదివాను.

"అట్లనే ఉండనీయండి," అన్నాను. ఆ చివరి 'అండి' నా నోటికి కొత్త.