గోల్‌కీపర్ తల్లి

మా ఆయన బంతి తంతే గోలే అని ప్రొద్దుటూరంతా చెప్పుకునే రోజుల్లో నాకు పెళ్లయింది. ఆంధ్ర రాష్ట్రం అప్పుడే కొత్తగా వచ్చింది. బజారుకు పోతే ‘సెంటర్ ఫార్వర్డు పెండ్లాం’ అని నన్ను వేలెత్తి చూపేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ ఏడు జమ్మలమడుగు జట్టుతో ఫైనల్లో బంతి కోసం వాళ్ల గోల్‌కీపర్ నేలమీదికి దూకాడు. ఈయన వేగం ఆపుకోలేకపోయారు. కుడి మోకాలు అతని తలకు తగిలింది. రెఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు. అతను లేచి, సోడా తాగి, ఆట ముగిసేదాకా నిలబడ్డాడు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

ఈయన మళ్లీ బంతి ముట్టలేదు. క్లబ్బును వదల్లేక సెక్రటరీ అయ్యారు. మైదానం చదును చేయించారు, పోయినతని పేరున షీల్డు పెట్టించారు. ఏటా జమ్మలమడుగు వెళ్లి అతని తల్లిని పిలుచుకొచ్చి, గెలిచిన జట్టుకు ఆమె చేతనే షీల్డు ఇప్పించేవారు. ఇట్లాంటి సెక్రటరీ ఇంకెక్కడా లేడని ఊరు పొగిడింది. ఊరిదేం పోయింది! నిద్రలో ఆ మోకాలు ఎగిరిపడితే కమిలిపోయింది నా కాలు.

ఒక ఏడు సభ అయ్యాక ఆమె నా ఎదుటే అనేసింది.

“ఏటేటా పిలిచి నా బిడ్డ పడిన చోటే సూపిస్తాండావు. ఇంక చాలప్పా.”

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. “ఆ షీల్డు పెట్టింది ఆమె కోసమా, మీ కోసమా?” అని కడిగేశాను.

“నా తప్పు లేదని ఆమె నోట ఒక్క మాట వినాల. అందుకే పిలుస్తాండా,” అన్నారు.

మరుసటి ఏడు ఆమెను పిలవలేదు. ఈయనా మైదానానికి పోలేదు. అయినా ఫైనల్ నాటి మధ్యాహ్నం ఆమే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. ఆ గొంతు వినగానే ఈయన లోపలి గదిలోకి పోయి తలుపు మూసుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

“ఈ పొద్దు ఇంట్లో ఒంటిగా ఉండలేకపోతినమ్మా,” అని ఆమె చాప మీద కూర్చుంది. మైదానంలో కేకలు లేచినప్పుడల్లా ఆమె మాట ఆగిపోయేది.

పోయే ముందు అడిగింది: “ఆయప్పను బయటికి రమ్మనమ్మా. నీ తప్పేం లేదప్పా అని చెప్పాలని ఏటా అనుకుంటా. దండేసి మైకు ముందర నిలబెడితే యాడ చెప్పేది?”

వెళ్లి తలుపు నెట్టాను. ఆయన తలుపు వెనకే నిలబడి అంతా విన్నారు. చెయ్యి పట్టి లాగాను. అన్నేళ్లుగా వినాలనుకున్న మాట విన్నాక కూడా, గడప దాటి ఆమె ముఖం చూడలేకపోయారు.