ఫైనలుకు ముందురోజు విప్పిన ఊలు బంతి

రండర్రా, ఇంకాస్త ముందుకు జరిగి కూర్చోండి. వెనక గోడకు ఆనుకున్నవాళ్ళూ ఇటు రండి, చాప మీద చోటుంది. ఏమే చిట్టీ, ఆ పలక పక్కన పెట్టు, దాన్నెవరూ ఎత్తుకుపోరులే.

బాల్ బ్యాడ్మింటన్ ఆడే పసుప్పచ్చ ఊలు బంతి మీరు చూశారుగా. దాని లోపల ఏముంటుందో మీలో ఎవరికన్నా తెలుసా? తెలియదు. నాకు తెలుసు. అది తెలుసుకోబోయి మా బడికి రావాల్సిన కప్పును చేతులారా పోగొట్టినవాణ్ణి నేను.

అప్పుడు నాకు పదహారేళ్ళు. గురజాలలో మా మేనత్త ఇంట్లో ఉండి హైస్కూల్లో చదువుకుంటున్నా. బడి జట్టుకు నేనే కెప్టెన్ని. మా నాన్న ఉండేది మాచవరం పక్క పల్లెలో, సేద్యం. ఆయన దృష్టిలో బంతిని కొట్టడమూ పనే కాదు, దాని వెంట పరుగెత్తడమూ పనే కాదు. ఆ దసరాకి తేల్చి చెప్పాడు.

"ఒరేయ్ పెద్దోడా, మూడేళ్ళ బట్టి ఆట ఆట అంటున్నావు. ఈసారి కప్పు తెచ్చావా, ఇంకో ఏడు చదువుకో. తేలేదా, వచ్చి నాగలి పట్టు. నడిమధ్య మాట లేదు."

నాకేమో చదువుకోవాలని ఉంది. అందుకని పొద్దునా సాయంత్రం ఒకటే ప్రాక్టీసు. ఎట్టాగైతేనేం, ఫైనలుకొచ్చాం. మాచర్ల జట్టుతో ఆట, మా బడి గ్రౌండులోనే. ఎవరి గ్రౌండులో ఆడితే బంతి వాళ్ళదే అని అప్పట్లో కట్టుబాటు. మా డ్రిల్లు మేస్టారు గుంటూరు నుంచి కొత్త బంతి ఒక్కటే ఒకటి తెప్పించి, కాగితంలో చుట్టి ముందురోజు నా చేతిలో పెట్టారు.

"ఇది రేపటిదాకా నీ ప్రాణం అనుకో," అన్నారు.

ప్రాణాన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చా.

మా అత్త వాళ్ళ పక్కిల్లు మిషన్ బడి మేస్టారిది. ఆయన కూతురు సుగుణ, నా క్లాసే. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని స్వెట్టర్లు అల్లేది. ఆ పిల్ల గ్రౌండు పక్కనుంచి నడిచిపోతే నాకు సర్వీసు నెట్టుకు తగిలేది. అదెందుకో అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. మీకిప్పుడు అర్థం కాకపోయినా నష్టమేమీ లేదు.

నేను పోయేసరికి అరుగు మీద కూర్చుని క్రిస్మస్‌కి తమ్ముడి స్వెట్టరు అల్లుతోంది.

"ఏమబ్బాయ్, అదేనా ఫైనలు బంతి? ఒకసారి ఇటియ్యి."

ఇచ్చా. అరచేతిలో వేసుకుని తూకం చూసింది. చెవి దగ్గర పెట్టి ఊపింది. నొక్కి చూసింది.

"పైన ఊలు సరే. లోపల ఏముంటుంది?"

మూడేళ్ళ నుంచి అట్టాంటి బంతుల్ని కొడుతున్నా కదా, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తెలియదని చెబితే పరువు పోతుందని, "రబ్బరు," అన్నా.

"రబ్బరైతే ఇంత తేలిగ్గా ఉంటుందా? బెండు అయ్యుంటుంది."

"కాదు, రబ్బరే."

"అయితే చూద్దాం. రెండు చుట్లు విప్పి మళ్ళీ చుట్టేస్తా. ఎన్ని స్వెట్టర్లు విప్పి చుట్టానో నీకేం తెలుసు."

వద్దు అనాలి. తెలివున్నవాడు ఎవడైనా వద్దంటాడు. నేను తలూపా.

సూదితో కుట్టు తప్పించి కొస పట్టుకుంది. ఊలు చిక్కుపడకుండా ఉండాలంటే ఎవరో ఒకరు చేతులు చాచి నిలబడాలట, వాటికి చుట్టాలట. నన్ను ఎదురుగా నిలబెట్టి నా రెండు చేతులకీ చుట్టడం మొదలుపెట్టింది. రెండు చుట్లు అన్నది ఇరవయ్యయింది, యాభయ్యయింది. రబ్బరూ లేదు, బెండూ లేదు. ఊలు కింద ఊలే. ఆ అరగంట నేను బంతి విప్పించానే గానీ నోరు విప్పలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో సైకిలు గంట. డ్రిల్లు మేస్టారు. నేను గబుక్కున అరుగు స్తంభం వెనక్కి జరిగి తల ఒక్కటే బయటపెట్టా.

"ఏరా కెప్టెన్, బంతి భద్రమేనా?"

"నా చేతుల్లోనే ఉంది సార్."

"అదీ బాధ్యతంటే," అని ఆయన సైకిలు తొక్కుకుంటూ పోయారు. సుగుణ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది.

చివరికి మిగిలింది చింతగింజంత దారపు ముడి. అంతే. ఇద్దరం దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాం. దాన్ని కూడా విప్పితే అసలు ఏమీ మిగలదని ఆపేశాం.

తరవాత చుట్టడం. ఎంత బిగించినా బంతి మొదటికంటే లావైంది. అంత లావైనా ఇంకా గుప్పెడు ఊలు మిగిలింది. ఇదెట్టా సాధ్యమో లెక్కల మేస్టర్నయ్యాక కూడా నాకు తేలలేదు. పైన సూదితో గట్టిగా కుట్టి, "ఎవరూ కనిపెట్టలేరు," అంది. మేస్టారికి చెప్పేద్దామనిపించింది. కానీ మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి ఉండటం ఎంత బాగుందంటే, చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు మా నాన్న బండి కట్టుకుని, ఊళ్ళో పదిమందిని వెంటేసుకుని వచ్చి ముందు వరసలో తలగుడ్డ సర్దుకుని కూర్చున్నాడు. ఇరవై తొమ్మిది పాయింట్ల ఆట. బంతి కాస్త మెత్తగా పోతోందని మాచర్లవాళ్ళు గొణిగారు గానీ ఆట సాగింది. ఇరవై ఏడు, ఇరవై ఏడు. నేను ఎగిరి బలంకొద్దీ ఒక దెబ్బ వేశా.

కుట్టు తెగింది. ఊలు కొస నా రాకెట్టు తీగల్లో ఇరుక్కుంది. బంతి మాత్రం దారం వదులుకుంటూ నెట్టు దాటింది. అవతలివాడు కొట్టాడు, ఇటొచ్చింది. మావాడు కొట్టాడు, అటుపోయింది. వచ్చినప్పుడల్లా బంతి చిన్నదవుతోంది, దారం మనుషుల్ని చుట్టేస్తోంది. నలుగురు ఆటగాళ్ళు మెడలకు పసుపు దారాలతో నిలబడిపోయారు. ఆఖరుకు ఆ చింతగింజ పోయి అంపైరు కాళ్ళ దగ్గర పడింది. పాయింటు ఎవరికివ్వాలో తెలియక ఆయన విజిలు నోట్లో పెట్టుకుని అట్టాగే ఉన్నాడు.

"బంతి ఎవరు విప్పారు?" డ్రిల్లు మేస్టారి గొంతు.

"నేనే సార్."

ఆడపిల్లల బల్లల దగ్గర సుగుణ లేచింది. "సగం నేను విప్పానండీ."

గ్రౌండంతా ఒకటే నవ్వు. మా నాన్న నన్ను చూశాడు, ఆ పిల్లను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

పాత బంతి తెచ్చి ఆడించారు. నా తల ఆటలో ఉంటేగా. రెండు పాయింట్లూ నా చేతిమీదే పోయాయి. కప్పు మాచర్ల బస్సెక్కింది.

నన్ను బండెక్కించుకుని నాన్న బయల్దేరబోతుంటే సుగుణ వచ్చి నిలబడింది. "రబ్బరూ కాదు, బెండూ కాదు. పందెంలో ఇద్దరం ఓడాం," అని వెళ్ళిపోయింది. ఆ ఎండాకాలమే వాళ్ళ నాన్నకు గుంటూరు బదిలీ అయింది. ఆమెతో అనాలనుకున్న మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఏం మాటని అడక్కండి.

బండి సగం దూరం పోయింది. రేపట్నుంచి ఇక నాగలే గతి అని నేను పొలాల వైపు చూస్తూ కూర్చున్నా. అప్పుడు నాన్న ఎద్దుల్ని కాస్త నిదానించి అడిగాడు.

"ఇంతకీ ఆ బంతిలో ఏముందిరా?"

"ఏం లేదు నాన్నా. ఊలే."

"మొత్తం ఊలేనా?"

"నడిమధ్య చిన్న ముడి."

"ఆ ముడిలో?"

"అది విప్పలేదు."

నాన్న ఎద్దుల్ని మళ్ళీ అదిలించాడు.

"రేపు బస్సెక్కి బడికి పో. కప్పు తెచ్చావని కాదు. నిన్ను సేద్యంలో పెడితే, వేసిన జొన్న మొలిచిందో లేదో చూద్దామని రోజుకో గింజ తవ్వి చూస్తావు. ఊరంతా పండినా మన చేను పండదు."

అట్టా సేద్యానికి పనికిరాని మనిషినని మా నాన్నే తేల్చేస్తే, మీకు మేస్టర్నయ్యా.

ఇక లేవండి. మీ అమ్మలు కంచాల ముందు కూర్చుని నన్ను తిట్టుకుంటుంటారు. పోయి వేడివేడిగా అన్నం తినండి.