పిల్లికళ్ల జేజి

జీవరత్నం సారుకు ఒకటే జబ్బు. మనిషి కనపడితే చాలు, ఆ ముఖంలో ఏది ఏ తాత సొత్తో తేల్చేదాకా వదలడు. ఆళ్లగడ్డ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాడు. బడి వదిలాక ఊరంతా ఆయనకు క్లాసే.

నంద్యాల బస్సులో కండక్టరును పట్టుకునేవాడు. "నాలిక గొట్టం మాదిరి చుట్టప్పా."

"ఎందుకు సార్?"

"మీ ఇంట్లో ఎవురిది వచ్చిందో చూడాల."

బస్సంతా నాలుకలు బయటపెట్టేది. పక్కన భార్య ప్రసన్నకుమారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. "ఏం చేస్తాండావ్? జనం నగుతాండారు. నోరు మూసుకోని ఉండలేవా?"

"నోరు మూసేది మా వంశంలోనే లేదు."

పక్కింటి కమలాక్షమ్మ తన అన్న కూతురు లీలావతినే కోడలిగా తెచ్చుకుంది. ఎనభై రెండులో లీలావతికి పిల్లికళ్ల ఆడబిడ్డ పుట్టింది. పేరు పెట్టే రోజున నిండు పంచలో కమలాక్షమ్మ అనేసింది: "మా రెండిండ్లలో ఈ కండ్లు ఎవురికీ లేవు. బిడ్డనెత్తుకోని మీ నాయన కాడికి పో."

కొడుకు నేలచూపులు చూశాడు. ప్రసన్నకుమారి సారు చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన విదిలించుకుని లేచాడు.

"అమ్మా, మన ఒంట్లో ఏ కణం చూసినా జన్యువులు జతలే. తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. నల్లకండ్లది పంచలో కూర్చోని పెత్తనం చేస్తది. పిల్లికండ్లది వంటింట్లో ఉంటది. కనపడనంత మాత్రాన లేదంటావా?"

వంటింటి గడపలో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

"రెండు దిక్కుల నుంచీ పిల్లికండ్లదే వస్తే, అప్పుడు బయటపడ్తది. నీ కొడుకులో ఒకటి దాక్కునింది, కోడల్లో ఒకటి. ఇద్దరిదీ మీ ఇంటి నెత్తురే గదా. మేనరికం చేసింది నువ్వే."

"మా ఇంట్లో ఉందని నీకెవురు చెప్పిరి సారూ?"

"మీ నాయన కన్నతల్లి, మీ జేజివి పిల్లికండ్లు. ఆమె నుంచి మీ నాయనకు, ఆయన నుంచి నీకూ మీ అన్నకూ."

"మా జేజిని నేను చూడనే లేదు. మా నాయన పాకేటప్పుడే ఆమె పోయె."

"చూడనిదానివి, ఆమెవి పిల్లికండ్లు కాదని ఎట్లంటావు? ఈ బిడ్డను పంపిస్తే మీ జేజిని గెంటినట్లే."

కమలాక్షమ్మ వంగి బిడ్డ కళ్లలోకి చూసింది. తర్వాత చేతులు చాపింది. "ఇట్లియ్యి."

ఇంటికొచ్చాక ప్రసన్నకుమారి అడిగింది. "వాళ్ల జేజి సంగతి నీకెట్ల తెలుసు?"

"నాకేం తెలుసు? పై తరాల్లో ఎవురికో ఒకరికి ఉండాల్సిందే, అది శాస్త్రం. జేజి అయితే అడ్డం చెప్పేటోళ్లు లేరని ఆమె పేరు చెప్తి."

ప్రసన్నకుమారి ఆయన వైపు తేరిపార చూసింది. ఇన్నేళ్లలో ఎన్ని ముఖాలు చూశాడో, "ఇది మీ ఇంటిది కాదు" అని ఒక్కరితోనూ అనలేదు. అందరికీ ఎవరో ఒక తాతను వెతికి ఇచ్చి పంపాడు.

వారం తిరక్కుండానే కమలాక్షమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. "సారూ, మా జేజి కండ్లు ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు."

"ఎవురు చెప్పిరమ్మా?"

"ఎవురో చెప్పేదేంది? మా జేజి నాకు తెలీదా?"