వచ్చిపోయే ఫాల్టు

మొన్న మంగళవారం పొద్దున్న ఆటోనగర్‌లో మా షెడ్డు షట్టర్ ఎత్తుతుంటే పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బాబాయి టీ చల్లారిపోతున్నా తాగట్లేదు. పిలిస్తే పలకట్లేదు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. నేను భవానీపురం చేరేసరికి వీధి చివర ఉండే డాక్టరుగారు వచ్చి చూసి, ప్రాణం లేదని చెప్పి వెళ్లిపోయారు. బాబాయి ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. పక్కన గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

మా బాబాయి మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన పొక్లెయిన్లకు వైరింగ్ పని చేసేవాడు. కాలువల్లో పూడిక తీసే ఆ పెద్ద యంత్రాలను మీరు చూసే ఉంటారు. పైకి అంతా ఇనుమే గానీ, ఇప్పుడు వచ్చే వాటిలో ఇంజనుకో కంప్యూటరు, పంపుకో కంప్యూటరు, ఆపరేటరు ముందున్న స్క్రీనుకో కంప్యూటరు ఉంటాయి. అవన్నీ రెండు సన్నటి వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ మాట ఆగితే ఇరవై టన్నుల యంత్రం ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. మాట ఎక్కడ ఆగిందో పట్టుకోవడమే బాబాయి పని. నాకు ఈ పని నేర్పింది కూడా ఆయనే.

పూర్తిగా తెగిన వైరును ఎవడైనా పట్టుకుంటాడు. మా ప్రాణం తీసేది వచ్చిపోయే ఫాల్టు. యంత్రం ఆగిందని ఫోన్ వస్తుంది, పడుతూ లేస్తూ వెళతాం, తీరా చూస్తే అది శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది. మనం వెనక్కి తిరగగానే మళ్లీ ఆగుతుంది.

ఒక వేసవిలో చల్లపల్లి దగ్గర కాలువలో ఒక బండి ఇలాగే మమ్మల్ని ఆడించింది. రోజూ మధ్యాహ్నం ఒకసారి స్క్రీను ఆరిపోయేది, కాసేపటికి తనంతట తనే వెలిగేది. బండికి ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే అన్నీ బాగున్నాయని చూపించేది. ఇంకో వారంలో కాలువకు నీళ్లు వదులుతారు. నాకు ఓపిక తక్కువ. "కంట్రోలరు బాక్సే మార్చేద్దాం బాబాయ్, పీడా పోతుంది" అన్నాను.

"మార్చాక నడిచిందనుకో, నీకు ఏం తెలిసినట్టురా? పాత బాక్సు చెడిందని తెలిసిందా, ప్లగ్గు ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కావు కాబట్టి నడిచిందని తెలిసిందా?" అన్నాడు.

ఆయన ఆపరేటరుతో, "నువ్వు నీ పని చేసుకో నాయనా, మేమున్నామని మర్చిపో" అని చెప్పి కాలువ గట్టున కూర్చున్నాడు. మూడు రోజులు కూర్చున్నాడు. నేను విసుక్కుంటే, "తప్పు మనల్ని చూసి సిగ్గుపడుతుందిరా. దానికి మనం అలవాటు కావాలి" అనేవాడు. మూడో రోజు ఎండ నెత్తికెక్కాక, బండి ఎడమ వైపు తిరుగుతూ ఆగింది. బాబాయి ఆ వయసులో పరుగెత్తి, చక్రాల బదులుండే ఇనప చైను మీదకెక్కాడు. సీటు వెనక వైర్లను పట్టి ఉంచే క్లాంపు కింద ఒరుసుకుపోయిన ఆకుపచ్చ వైరును రెండు వేళ్లతో పట్టుకుని నాకు చూపించాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా మురిసిపోయాడు.

ఈ ఏడాది మొదట్లో ఆయన మా షెడ్డులోనే ఒకసారి పడిపోయాడు. నాలుగు క్షణాలు, అంతే. లేచి, "ఏమైందిరా అందరూ నన్ను చూస్తున్నారు?" అని అడిగాడు. రెండోసారి ఇంట్లో మెట్ల దగ్గర పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళితే ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, రక్తం బాగుంది. కుర్ర డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "ఇప్పుడైతే ఏమీ కనిపించట్లేదండీ" అన్నాడు.

బాబాయికి నవ్వు ఆగలేదు. "ఇది మన కేసేరా! డాక్టరుగారి ముందు బుద్ధిగా ఉంటోంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

గుండె కొట్టుకోవడాన్ని ఒక పగలూ ఒక రాత్రీ రాసుకునే చిన్న రికార్డరు ఛాతీకి కట్టి పంపారు. వైర్లు తగిలిస్తున్న నర్సుతో, "ఈ ప్లగ్గు కొంచెం వదులుగా ఉందమ్మా, ఇంకోసారి నొక్కు" అన్నాడు. ఆ అమ్మాయి నొక్కి చూసి, "నిజమేనండీ" అంది. దాంతో ఆయనకు ఆ రికార్డరు మీద గురి కుదిరింది.

ఇంటికి వచ్చీ రాగానే ఫాల్టును బయటికి రప్పించే పనిలో పడ్డాడు. మెట్లు ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. "మీకేమైనా పిచ్చి పట్టిందా, కూర్చోండి" అని పిన్ని అరిస్తే ఆవిడతో కావాలని గొడవ పెట్టుకున్నాడు. నేను వెనకే తిరిగాను. ఒక మాట చెప్పాలి, ఇది పిన్నికి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజంతా నేను బాబాయి పడిపోవాలని కోరుకున్నాను. ఒక్కసారి, రికార్డరు ఉండగా, నా చేతుల్లో పడిపోతే చాలనుకున్నాను. మెట్టు మీద ఆయన ఆగిన ప్రతిసారీ నా గుండె ఆశగా కొట్టుకుంది. చిన్నాన్న వరసైన మనిషి గురించి ఎవరైనా ఇలా కోరుకుంటారా? ఆయన పడలేదు. మర్నాడు రికార్డరు ఇచ్చేశాం. అంతా బాగుందని రిపోర్టు వచ్చింది.

"వారం రోజులు ఉంచుకునే మిషన్ ఇంకొకటి ఉందండీ. అది వేరే పేషెంటు దగ్గరుంది, గురువారం రండి, పెడతాం" అన్నారు ఆసుపత్రివాళ్లు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎవరి మీదైనా అరవగలిగితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

వచ్చేటప్పుడు బండి మీద నా వెనక కూర్చుని, "గురువారం దాకా ఆ ఫాల్టును కదపొద్దులేరా" అన్నాడు. అలాగే బాబాయ్ అన్నాను. వందల యంత్రాల్లో దాగిన తప్పును పట్టుకున్న మనిషి, ఆయన దగ్గర పని నేర్చుకున్న నేను, ఇద్దరం చేతులు ముడుచుకుని గురువారం కోసం కూర్చున్నాం. మధ్యలో మంగళవారం వచ్చింది.

స్నానం చేయించేటప్పుడు చొక్కా విప్పితే ఛాతీ మీద ఐదు చోట్ల గుండ్రంగా వెంట్రుకలు గొరిగి ఉన్నాయి. రికార్డరు స్టిక్కర్లు అంటించిన చోట్లు. ప్రతి దాని చుట్టూ జిగురు మురికి పట్టి నల్లగా ఉంది. నీళ్లు పోసి రుద్దితే పోలేదు. సబ్బుకూ పోలేదు. పిన్ని తలుపు దగ్గర నుంచి చూసి లోపలికి వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చింది. "దీనికి పోతుంది. మెల్లగా రుద్దు, ఆయనకు నొప్పెడుతుంది" అంది.

నూనె వేసి బొటనవేలితో ఒక్కొక్కటే తుడిచాను. జిగురు వదిలింది. గొరిగిన చోట వెంట్రుకలు అప్పుడే మళ్లీ వస్తున్నాయి, వేలికి గరుకుగా తగిలాయి.