ఒకే పుట్ట దగ్గర రెండు తెల్ల గొడుగులు

ఎచ్చెర్లలో గది తీసుకుని పుట్టగొడుగుల మీద పరిశోధన చేసే రోజుల్లో, వానలు మొదలైతే నాకు కాలు నిలిచేది కాదు. రామతీర్థం కొండ కింద చెదపుట్టల దగ్గర అవి లేస్తాయి. వాటిని ఏరడంలో చేయి తిరిగిన ఒక పెద్దావిడ, వరీ చోళ్లూ పండించుకునే రైతు, నన్ను వెంట తిప్పేది.

ఒకరోజు ఒకే పుట్ట దగ్గర రెండు గుంపులుగా తెల్లటి గొడుగులు కనిపించాయి. ఆవిడ ఒక గుంపునే బుట్టలో వేసుకుంది.

"అవెందుకు వదిలేశావు పెద్దమ్మా?"

"ఇయీ అయీ ఒకటి కావు. అయి మేం తినం."

"రెండూ ఒకటే. ఇవి లేతవి, అవి ముదిరినవి, అంతే," అన్నాను. చదువుకున్నదాన్ని కదా. ఆవిడ బుట్ట చంకనెత్తుకుంది. రెండింటి నుంచీ చిన్న ముక్కలు తుంచి, డీఎన్ఏ పరీక్షకు పంపాను.

గదికి వచ్చాక గుబులు మొదలైంది. నా మాట నమ్మి, వెనక్కి వెళ్లి వాటినీ కోసుకొచ్చి వండేస్తే? ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఆవిడకు ఫోను లేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. విజయనగరంలో మారాల్సిన బస్సు ఎంతకీ కదలదు. ఎప్పుడు తీస్తారని రెండుసార్లు అడిగి కండక్టరు చేత తిట్లు తిన్నాను.

ఆవిడ మడిలో నాట్లు వేస్తోంది. గట్టు మీంచే అరిచాను: "వండేశావా?"

నడుం ఎత్తి నవ్వింది. "నువ్వు సెప్తే తినేస్తానేటే పిల్లా? తినేదానికి పుట్ట లోపలికంటా తోక ఉంటాది. రెండోదానికి నేదు. నువ్వు పైపైన తుంచేసినావు, సూడనేదు."

మధ్యాహ్నం ఇద్దరం వెళ్లి తవ్వాం. ఏరగా మట్టిలో మిగిలిపోయిన మొదటిదాని తెల్లటి తోక మూరెడు లోతున, చెదలు పెంచుకునే బూజు దాకా దిగి ఉంది. రెండోది చేతికి ఊడి వచ్చేసింది. ఆవిడ ముందు నాకు ముఖం చెల్లలేదు.

తర్వాత పరీక్షలోనూ రెండూ వేరు జాతులని తేలింది. తినేదానికి పేరు దొరికింది. రెండోది అప్పటిదాకా నమోదైన దేనితోనూ సరిపోలేదు. ఆ సంగతి చెప్పి, "దాన్ని మీ ఊళ్లో ఏమంటారు?" అని అడిగాను.

"తిననిదానికి పేరెందుకే?" అంటూ ఆవిడ పనిలో పడింది.

మరుసటి ఏడు మూడుసార్లు వెళ్లి ఆ పుట్ట చుట్టూ వెతికాను. తినేవి గంపెడు లేచాయి. అది మాత్రం మళ్లీ కనిపించలేదు.