పిన్ని హెడ్‌ల్యాంప్ కొన్న ఏడాది

మా పిన్ని ఉద్యోగం వస్తువులు పగలగొట్టడం. వింటే ఎవరూ నమ్మరు గానీ, నెలనెలా జీతమిచ్చి మరీ ఆవిడ చేత పగలగొట్టిస్తారు. ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు, ప్లాస్టిక్ కుర్చీలు, టార్చిలైట్లు, ఏ కంపెనీవాళ్ళు ఏం కొత్తగా తయారుచేసినా ముందు పిన్ని పనిచేసే పరీక్షశాలకు రావాల్సిందే. ఆవిడ వాటిని భుజమెత్తు నుంచి సిమెంటు నేల మీద పడేస్తుంది. నీళ్ళ తొట్టిలో ముంచుతుంది. మీట ఉంటే దాన్ని పదివేలసార్లు నొక్కే యంత్రానికి తగిలిస్తుంది. తట్టుకుంటే పాస్, లేకపోతే ఫెయిల్. ఇరవైయేళ్ళకు పైగా ఇదే పని. అందుకే ఇంట్లోకి కొత్త వస్తువేదైనా కొనాలంటే నాకు హడలు.

నేను ఆవిడ అక్క కూతుర్ని. ఉద్యోగం వచ్చి ఈ ఊళ్ళో దిగినప్పుడు, గది దొరికేదాకా అని వాళ్ళ ముందుగదిలో పెట్టె పెట్టాను. ఆరేళ్ళయింది, పెట్టె అక్కడే ఉంది. బాబాయి ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏమ్మా, ఇంకా గది దొరకలేదా?" అని అమాయకంగా అడిగేవాడు. నేను నిజంగా వెతకడం మొదలుపెడితే మాత్రం ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగేవాడు.

బాబాయి లిఫ్టు మెకానిక్. ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక, తోటి మెకానిక్కులు ముగ్గురితో కలిసి ఊరికి ఉత్తరాన ఉన్న కొండ ఎక్కేవాడు. అక్కడ గుడారం వేసుకుని రెండు రాత్రులుండి వచ్చేవాళ్ళు. "ఏడాదంతా జనాన్ని పైకెక్కిస్తాం, మేమెక్కేది ఈ ఒక్కసారే కదమ్మా" అనేవాడు. కొండ నడుములో ఊరివైపు తిరిగిన చప్టా బండ ఒకటి ఉందట. మొదటి రోజు రాత్రి సరిగ్గా ఎనిమిదింటికి బాబాయి ఆ బండ మీద నిలబడి, నుదుటికి కట్టుకున్న లైటును మా ఇంటివైపు మూడుసార్లు వెలిగించి ఆర్పేవాడు. ఇక్కడ పిన్ని డాబా మీద మెట్లగది గోడకున్న బల్బును మూడుసార్లు వేసి తీసేది. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. నేను బాగానే చేరాను, ఇక్కడా అందరం బాగున్నాం అని చెప్పుకోవడానికి వాళ్ళిద్దరికీ అదే దారి.

ఆ బల్బు స్విచ్ ఒక పట్టాన మాట వినేది కాదు. మొదటిసారి బుద్ధిగా పడుతుంది. రెండోసారి పట్టేస్తుంది, బొటనవేలితో అదిమితే గానీ కదలదు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషికి కొంపలో స్విచ్ బాగుచేసే తీరిక లేదని పిన్ని దెప్పినప్పుడల్లా బాబాయి, "చూద్దాంలే" అని నవ్వి ఊరుకునేవాడు.

కొండ దిగి వచ్చి, గుమ్మంలో సంచి దించుతూ ఆయన అనే మొదటి మాట కూడా ఏటా ఒకటే. "కనిపించింది. రెండోసారి కాస్త ఆలస్యం చేశావు."

అంతే, పిన్ని మొహం వెలిగిపోయేది. "ఆ దిక్కుమాలిన స్విచ్ పట్టేసిందండీ! అంత దూరం నుంచి అది కూడా తెలిసిందా?"

"తెలియకేం? నీళ్ళ ట్యాంకుకి ఎడంపక్క, పసుప్పచ్చగా, మన బల్బే. వెయ్యి లైట్లలో ఉన్నా గుర్తుపడతాను."

ఇరవై రెండేళ్ళు ఇదే వరస. చివరి రెండేళ్ళు నేనూ విన్నాను. ఒక్కసారైనా నాతో రావచ్చుగా అని ఆయన పిలిచేవాడు. ఓ ఏడు అత్తగారికి ఒంట్లో బాగోలేదు, ఓ ఏడు సెలవు దొరకలేదు, ఓ ఏడు మోకాలు. ఏమీ దొరక్కపోతే, "నేనూ వస్తే ఇక్కడ లైటెవరు వేస్తారండీ?" అనేది. బాబాయి నవ్వి సంచి సర్దుకునేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, పనిలో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది.

ఆ ఏడు కూడా వానలు వెనకబట్టాక మిత్రులు ముగ్గురూ కొండకు వెళ్ళారు. ఎనిమిది కావస్తుంటే పిన్ని ఏమీ చెప్పకుండా డాబా ఎక్కింది. నేను వెనకే వెళ్ళాను. కొండ ఉండే వైపు ఒట్టి చీకటి. చాలాసేపు అటే చూసి, వెళ్ళి స్విచ్ మూడుసార్లు నొక్కింది. రెండోసారి పట్టేసింది. తర్వాతి మూడేళ్ళూ అంతే. ఆ నాలుగు రాత్రులూ ఆవిడ కిందికి దిగివస్తున్నప్పుడు మొహంలోకి చూడలేక నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను.

ఈ ఏడాది ఒక ఆదివారం, ఉతికిన బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి అంది. "నేను కొండకెళ్తానే."

"ఎందుకు పిన్నీ?"

"అక్కణ్ణుంచి మనిల్లు ఎలా కనిపిస్తుందో చూడాలి. నువ్వు కింద లైటు వెయ్యి. ఆయన అన్నేళ్ళు చూసిందేదో నేను ఒక్కసారి చూస్తాను. అంతకుమించి నాకేం వద్దు."

ఆ మాట అంటున్నప్పుడు చేతిలో తువ్వాలుని నాలుగుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. సరేనన్నాను.

బాబాయి లైటు సొరుగులో ఉంది. పట్టీకి ఇంకా ఆయన తలనూనె వాసన. లోపల బ్యాటరీ ఉబ్బిపోయింది, పది నిమిషాలు వెలిగి ఆరిపోతోంది. "ఫెయిల్" అని పిన్ని దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టింది. ఏ వస్తువునైనా ఫెయిల్ అన్నాక చెత్తబుట్టలో వెయ్యకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

గుడారాలూ బూట్లూ అమ్మే కొట్టుకు వెళ్ళాం. కొట్టాయన గడ్డం పెంచిన పెద్దమనిషి, కొండలెక్కినవాడే. ఎనిమిది రకాల హెడ్‌ల్యాంపులు బల్ల మీద పరిచాడు. "ఇది తీసుకోండమ్మా, వెయ్యి ల్యూమెన్లు. దీన్ని మించిన వెలుగు లేదు."

"ఎంతసేపు?" అంది పిన్ని.

"అంటే?"

"ఆ వెయ్యి ఎంతసేపుంటుంది? అట్టపెట్టె మీద రాసింది కాదు, నిజంగా."

కొట్టాయన కాస్త నీళ్ళు నమిలాడు. "పూర్తి వెలుగు కొన్ని నిమిషాలేనండీ. వేడెక్కగానే దానంతటదే తగ్గిపోతుంది."

"మరి అది వెలుగెలా అవుతుంది, మెరుపవుతుంది గానీ." దాన్ని పక్కకు నెట్టేసి, నాలుగువందల ల్యూమెన్లని రాసి ఉన్నవి రెండు చేతిలోకి తీసుకుంది. ఒకటి తలకు కట్టుకుని కొట్టంతా నడిచింది, వంగింది, లేచింది, తల విదిలించింది. బరువంతా ముందుకే ఉండి ముక్కు మీదికి జారింది. రెండోది కదల్లేదు. అప్పుడు అడిగింది, నేను దేనికోసం భయపడుతున్నానో ఆ మాట. "ఒకసారి కింద పడెయ్యొచ్చా?"

కొట్టాయన నోరు వెళ్ళబెట్టాడు. నేను బూట్ల అర వైపు తిరిగి నాకేం సంబంధం లేనట్టు లేసులు చూడసాగాను. చివరికి అద్దాల పెట్టెలో చూపించడానికి పెట్టిన అవే రకం పాత లైట్లు తెచ్చిచ్చాడు పాపం. పిన్ని భుజమెత్తు నుంచి ఒక్కోదాన్నీ మూడుసార్లు వదిలింది. ఒకసారి అద్దం కిందికి, ఒకసారి పక్కకి, ఒకసారి మీట మీదికి. మొదటిదాని మూత ఊడి బ్యాటరీ దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. రెండోది ఆరలేదు కూడా. దాన్ని నేల తుడిచే బకెట్టులో ముంచి, గోడ గడియారం చూస్తూ నిలబడింది. తీశాక తుడిచి, చార్జింగు రంధ్రం మీది రబ్బరు మూతను గోటితో తెరవడం, మూయడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. యాభై దాటాక కొట్టాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, మీరు కొండెక్కడానికొచ్చారా, నా కొట్టు తనిఖీకొచ్చారా?"

"నీళ్ళు పొయ్యేది ఇక్కణ్ణుంచేనండీ. అన్నీ ఇక్కడే చస్తాయి." వందకు ఆపింది. "బ్యాటరీ పాడైతే మార్చుకోవచ్చా?"

"మార్చుకోవచ్చు. ఊడదీసి కొత్తది వేసుకోవడమే."

"సంచిలో దానంతటది వెలగకుండా తాళం ఉందా?"

"మీట మూడు సెకన్లు నొక్కిపట్టండి, తాళం పడుతుంది."

అప్పటికి బేరం ముగిసిందనుకున్నాను. పిన్ని ఆ లైటును అరచేతిలో పెట్టుకుని, కాస్త గొంతు తగ్గించి అడిగింది. "దీని వెలుగు ఎంత దూరం కనిపిస్తుందండీ?"

"నూటేభై మీటర్లమ్మా."

"నాకు దారి కనిపించే దూరం కాదు. అవతల నిలబడి చూసేవాళ్ళకి ఈ లైటు కనిపించే దూరం."

కొట్టాయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "చుట్టూ చీకటిగా ఉంటే నాలుగైదు కిలోమీటర్లయినా కనిపిస్తుందమ్మా. చీకటిగా ఉండాలి, అంతే."

"ఉంటుంది," అంది పిన్ని. కట్టించింది.

తర్వాత పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూసి మాట్లాడలేదు. పిన్ని లైటు కట్టుకునే ఉల్లిపాయలు తరిగింది, లైటు కట్టుకునే మెట్లు ఎక్కిదిగింది. ఏదైనా చెబుదామని నావైపు తిరిగితే నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. నిండా చార్జి చేసి, ఆరేదాకా వెలిగించి, ఎన్ని గంటలొచ్చిందో క్యాలెండరు మీద రాసింది. మోకాలికి పట్టీ కొంది. ఆ పదిహేను రోజులూ ఆవిడ పాట పాడుకుంటూ పనిచెయ్యడం విని, ఈ ఇల్లు ఎన్నాళ్ళు మూగగా ఉందో నాకు తెలిసొచ్చింది.

మిత్రులు ముగ్గురూ వచ్చి తీసుకెళ్ళారు. వాళ్ళలో పెద్దాయన పిన్నిని వదినా అంటాడు. సంచి తనే తగిలించుకున్నాడు. పిన్ని గుమ్మం దాటుతూ నా చెయ్యి పట్టుకుంది. "ఎనిమిదింటికి. మర్చిపోతావేమో."

"నా పేరు మర్చిపోతానేమో గానీ ఇది మర్చిపోను, వెళ్ళు."

ఏడున్నరకే డాబా ఎక్కాను. ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా, ఎందుకైనా మంచిదని స్విచ్ ఒకసారి వేసి చూశాను. బల్బు ఫట్‌మని ఒక్క మెరుపు మెరిసి మాడిపోయింది. కిందికి పరుగెత్తాను. సొరుగులన్నీ కింద బోర్లించాను, ఒక్క బల్బు లేదు. ఉత్త చేతులతో మళ్ళీ పైకొచ్చేసరికి కొండ నడుములో చిన్న తెల్లటి చుక్క. వెలిగింది, ఆరింది. మళ్ళీ వెలిగింది, ఆరింది. మూడోసారి. నేను ఫోను లైటు వేసి పిచ్చిదానిలా చెయ్యి ఊపాను. అది మా గోడ దాటి ఉంటుందని నాకే నమ్మకం లేదు. ఆ చుక్క జవాబు కోసం కాసేపాగి, మళ్ళీ మూడుసార్లు వెలిగింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాలుగేళ్ళుగా ఆవిడ అడిగింది ఒక్కటి, అది నా చేతుల్లో పోయింది.

మర్నాడు కొత్త బల్బు తెచ్చి పెట్టాను. పాతది పిట్టగోడ మీదే వదిలేశాను. ఎలా చెప్పాలా అని రెండు రోజులు మాటలు కూర్చుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం పిన్ని వచ్చింది. ఎండకు మొహం కమిలి ఉంది. గుమ్మంలో సంచి దించింది. నేను నోరు తెరిచేలోపు తనే అంది.

"కనిపించింది. రెండోసారి కాస్త ఆలస్యం చేశావు."

నేను కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలీదు. వెలగని బల్బు ఆవిడకు కనిపించిందట. అంటే అక్కణ్ణుంచి ఏ బల్బూ కనిపించదు. నా నోటివెంట వచ్చిందల్లా, "స్విచ్ పట్టేసింది పిన్నీ."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి స్నానానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం తడిబట్టలు ఆరెయ్యడానికి ఇద్దరం డాబా ఎక్కాం. పిట్టగోడ మీది పాత బల్బు పిన్ని కంటబడింది. తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల తెగిన తీగ గలగలలాడింది. ఆవిడది ఇరవైయేళ్ళ ఉద్యోగం, ఇంకేం దాస్తాను?

"ఇదెప్పుడు పోయింది?"

"నువ్వు కొండ మీద లైటు వెయ్యకముందే," అన్నాను తల వంచుకుని.

కోప్పడలేదు. బల్బు గోడ మీద పెట్టి, కొండవైపు చూస్తూ చెప్పింది. "అక్కణ్ణుంచి చూస్తే ఊరంతా ఒక్కటే వెలుగే. బియ్యం ఒలకబోసినట్టు. నీళ్ళ ట్యాంకే కనబడదు, ఇంక మనిల్లేం కనబడుతుంది? మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు వేసినా తెలీదు. వాళ్ళలో పెద్దాయన్ని అడిగితే, మాకెప్పుడూ ఏమీ కనబడలేదు వదినా, వాడి కళ్ళు వేరేమో అనుకునేవాళ్ళం అన్నాడు."

"మరి బాబాయి..."

"మరదే. ఇరవై రెండేళ్ళు. దొంగ మనిషి, ఒక్కసారి కూడా బయటపడలేదు." నవ్వబోయింది, నవ్వు సగంలో విరిగింది. "నేను చూడాలనుకున్నది అక్కడ లేనే లేదే. ఆయన కూడా ఒట్టి చీకట్లో నిలబడి, నేను లైటు వేసుంటానని అనుకుని దిగొచ్చేవాడు."

మెట్లగది దగ్గరికి వెళ్ళి స్విచ్ నొక్కింది. ఒకసారి పడింది. రెండోసారి పట్టేసింది. వేలు దాని మీదే ఉంచి అలాగే నిలబడిపోయింది.

"ఇది పట్టేస్తుందని తెలుసు కాబట్టి ఆ మాట అనగలిగాడు," అంది. "బాగుచేస్తే ఏటా నాకేం చెప్తాడు?"

చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు నేనెప్పుడూ తెలివితక్కువ మాటే అంటాను. "పోనీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించేద్దామా పిన్నీ?"

"దాన్ని ముట్టుకున్నావంటే," అంది పిన్ని, "చెయ్యి విరగ్గొడతాను."