అరుపు అందనంత దూరం

ఏక్‌బాల్‌పూర్‌లో కలకత్తా పోర్టు పక్కన మా తెలుగు విద్యార్థి సంఘమంటే పెద్ద ఆఫీసేం కాదు. చర్చి పక్కన ఆదివారం బడి నడిచే గది, ఆ గది బయట గోడకి ఒక నల్లబల్ల. ట్యూషన్లు, క్రిస్మస్ నాటకం, హౌరాలో బండి దిగే కొత్త పిల్లలకి ఎదురెళ్ళడం, ఎవరికైనా రక్తం కావాలంటే మనుషుల్ని పోగెయ్యడం, అన్నిటికీ ఆ బల్లే దిక్కు. కానీ రాస్తే చదివేదెవరు? మేమంతా పోర్టు కూలీల పిల్లలం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ. సగం మందికి తెలుగు అక్షరమే రాదు. అందుకని మా ముందువాళ్ళు ఒక రివాజు పెట్టేరు: రాసినోడే అరవాలి. సుద్దముక్క కింద పెట్టి, వీధి ఈ కొసనా ఆ కొసనా నిలబడి, రాసింది గొంతు చించుకుని చదవాలి. అలా అరిచేకే రాసినట్టు లెక్క.

అందరికంటే గట్టిగా అరిచేవాడు మా అన్న. నేను కాలేజీకి వెళ్ళాలని తను చదువు మానేసి పోర్టులో కాంట్రాక్టు పనికి పోయినా, సంఘం మాత్రం వదల్లేదు. ఒకసారి రక్తదాన శిబిరంలో వాడిది బాంబే గ్రూపని తేలింది. ఆ గ్రూపు వాళ్ళకి మళ్ళీ ఆ గ్రూపు వాళ్ళే ఇవ్వాలి, ఇంకెవరి రక్తమూ పనికిరాదు. "ఏటే, కలకత్తాలో పుట్టినోడికి బొంబాయి రక్తమేటే!" అని వాడు పడీపడీ నవ్వేడు. అమ్మకి మాత్రం ఆ రోజు నుంచీ గుండెల్లో రాయి పడింది.

తర్వాత రోజులు మారిపోయేయి. సంఘంలో చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఊరి అవతలి కొసన న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగాలకి చేరేరు. గదికి వచ్చేవాళ్ళు తగ్గిపోయేరు. మా కార్యదర్శికీ అక్కడే ఉద్యోగం వచ్చింది. మంచివాడే, పనిమంతుడే. "ఇంకా ఈ సుద్దముక్కలేటి? నెట్‌లో గ్రూపు పెడదాం, ఎక్కడున్నోడైనా చూస్తాడు" అన్నాడు. పెట్టేడు. కొత్తగా హైదరాబాదు నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్ళు బిలబిలమంటూ చేరిపోయేరు. మా వీధివాళ్ళు చేరలేదు. ఎలా చేరతారు? ఇంట్లో కంప్యూటరా, కాకరకాయా! ఫోన్లలో నెట్ ఇంకా రాని రోజులవి. నేను కాలేజీ నుంచి వస్తూ సైబర్ కేఫ్‌లో చూసొచ్చి చెప్తే వినేవారు.

నిజం చెప్పాలి, ఆ గ్రూపు వల్ల ఒక మేలు జరిగింది. రక్తదాతల పేజీలో అన్న పేరు నేనే ఎక్కించేను. ఒక రోజు దాని కింద ఎవరో రాసేడు: "అన్నా, నాదీ బాంబే గ్రూపే. పలాస దగ్గర మాది. న్యూ టౌన్‌లో ఉద్యోగం." నేను ఇంటికొచ్చి చెప్తే అన్న మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "రాయవే. నీకు నేను, నాకు నువ్వు అని రాయి" అన్నాడు. రాసేను. అమ్మ ఆ వారం చర్చిలో ఆ మొహం తెలీని కుర్రాడి పేరు చెప్పి ప్రార్థన చేయించింది.

ఇంతలో గ్రూపులో ఎవడో పార్టీల గొడవ ఎత్తేడు. ఎర్రజెండా వాళ్ళొక పక్క, కాదనేవాళ్ళొక పక్క, తిట్లు, దానికి మళ్ళీ తిట్లు. నల్లబల్ల మీద అయితే తడిగుడ్డ పెట్టి తుడిచేస్తే పోయేది. కార్యదర్శికి విసుగొచ్చి కట్టుదిట్టం చేసేడు: ఎవరేం రాసినా తను చూసి ఒప్పుకున్నాకే అందరికీ కనపడాలి. పనిలో పనిగా సభ్యుల మెయిళ్ళూ ఫోన్ నంబర్లూ కూడా దాచేసేడు. మంచికే చేసేడు. అందరూ బాగుందన్నారు. ఎవరికి తెలుసు!

ఆ రోజు పొద్దున్న పోర్టులో ఇనుప కట్ట తెగి అన్న మీద పడింది. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి వాడి మొహం పాలిపోయి ఉంది, తెలివి మాత్రం ఉంది. "లోపల రక్తం పోతోంది. ఈ గ్రూపు మా దగ్గర లేదు, ఎక్కడా దొరకట్లేదు. మనిషిని తీసుకురండి" అన్నాడు డాక్టరు. నాది ఆ గ్రూపు కాదు. అమ్మదీ కాదు. ఒక్క కడుపున పుట్టేనే, నా ఒంట్లో అంత రక్తముండి వాడికి ఒక్క చుక్క పనికిరాదా? ఆ క్షణం నా ఒళ్ళు నాకే కంపరమెత్తింది.

ఎదురుగా ఉన్న సైబర్ కేఫ్‌కి పరుగెత్తి రాసేను. ఎక్కడ, ఎవరికి, ఏ గ్రూపు, మా ఇంటి మొబైల్ నంబరు. నొక్కేను. 'మీ సందేశం ఆమోదం కోసం వేచి ఉంది' అని వచ్చింది. మళ్ళీ రాసేను. మళ్ళీ అదే. పలాస కుర్రాడి నంబరు వెతికితే అదీ దాచేసిన వాటిలోనే ఉంది. కార్యదర్శికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వాళ్ళ ఆఫీసులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారట.

తిరిగొస్తే అన్న అడిగేడు: "బోర్డు రాసేవా?"

"రాసేన్రా" అన్నాను.

"మరి అరిచేవా?"

ఆ మాటకి అమ్మ లేచింది. రిక్షా పట్టుకుని మా వీధికెళ్ళి, నల్లబల్ల తీసేసిన ఆ గోడ దగ్గర నిలబడి అరిచిందట. "ఓలమ్మో, నా కొడుక్కి రగతం కావాల! ఒరే నాయినల్లారా, రండ్రా!" డ్యూటీ దిగినవాళ్ళు, దిగనివాళ్ళు, బెంగాలీలు, బిహారీలు, నోట్లో అన్నం ముద్దతో ఉన్నవాళ్ళు కూడా వచ్చేరు. ఆసుపత్రి వరండా నిండిపోయింది. అందరూ చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు. అందరివీ చూసేరు. ఒక్కరిదీ కలవలేదు. కలిసేవాడు అమ్మ అరుపు అందనంత దూరంలో ఉన్నాడు.

నేను న్యూ టౌన్ బస్సెక్కేను. ఆ బస్సు ఎంతసేపు పోతుందో, తల్లీ! ప్రతి స్టాపులోనూ ఆగడమే. దిగి పరుగెత్తితే కార్యదర్శి ఆఫీసు గేటు దగ్గర గార్డు ఆపేసేడు. "దాదా, మా అన్న చచ్చిపోతున్నాడు దాదా" అని బెంగాలీలో కాళ్ళావేళ్ళా పడ్డాను. పాపం వాడూ లోపలికి ఫోన్ చేసేడు, మీటింగులో ఉన్నాడన్నారు. ఎండలో అలాగే నిలబడ్డాను. కార్యదర్శి బయటికొచ్చి విషయం వినగానే వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆఫీసులో బయటి నెట్ రాదట, ఇద్దరం రోడ్డు దాటి నెట్ షాపుకి పరుగెత్తేం. తెరిచేడు. నా సందేశాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆమోదించేడు. పలాస కుర్రాడికి ఫోన్ చేస్తే అదీ స్విచ్చాఫ్, విడిగా కూడా రాసేడు. "చెల్లీ, చూళ్ళేదు చెల్లీ" అని చేతులు పట్టుకున్నాడు. విదిలించుకుని బస్సెక్కేను.

సగం దారిలో, నా దగ్గరున్న ఇంటి మొబైల్‌కి అమ్మ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఏడుపు కూడా లేదు. ఊపిరి వినిపించింది, అంతే. నేను బస్సులో పిచ్చిదానిలా అరిచేను.

సాయంత్రం అన్నని ఇంటికి తెచ్చేం. వీధంతా మా గుమ్మంలోనే ఉంది. అప్పుడు మొబైల్ మోగింది. అమ్మ తీసింది. అవతలి గొంతు నాకూ వినపడుతోంది: "అమ్మా, ఇప్పుడే చూసేను, టాక్సీలో ఉన్నాను, ఏ ఆసుపత్రికి రావాలమ్మా?" అమ్మ మా వీధి గుర్తులు చెప్పి, "ఇంటికొచ్చీ నాయినా" అంది.

వచ్చేడు. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు, మెడలో ఇంకా ఆఫీసు కార్డు వేలాడుతోంది. వాడికోసం నేను నోటి నిండా తిట్లు దాచుకున్నాను. ఏం చూస్తున్నావురా అంతసేపు, ఏం ఉద్యోగంరా నీది అని దులిపేద్దామనుకున్నాను. వాడు అన్నని చూసి గుమ్మంలోనే కూలబడిపోయేడు. చొక్కా చెయ్యి అప్పటికే మోచేతి పైకి మడిచి ఉంది, దారిలోనే మడుచుకున్నట్టున్నాడు.

అమ్మ లేచి వాడి దగ్గరికెళ్ళింది. ఆ చెయ్యి పట్టుకుంది. మోచేతి మడత దగ్గర వేలితో నిమిరింది. తర్వాత మడిచిన చొక్కాని మెల్లిగా కిందికి దించి, బొత్తాం పెట్టింది.

"జాగర్తగుండు నాయినా," అంది. "రోడ్డు సూసుకుని దాటు. నీకు ఇచ్చీవోడు ఇంక లేడు."